కౌంటీ దస్తావేజుల్లో తాతముత్తాతలు

అమెరికాలో పూర్వీకుల కోసం వెతికేవారిలో చాలామంది ఇప్పుడు ముందుగా తెరిచేది వంశవృక్షాల వెబ్‌సైట్లనే. పేరు, పుట్టిన ఏడాది ఇస్తే చాలు, ఐదారు తరాల పేర్లు తెర మీద ప్రత్యక్షమవుతాయి. వాటిలో ఎన్నింటికి ఆధారం ఉందో, ఎన్ని ఒకరి వృక్షం నుంచి మరొకరు ఎత్తి రాసుకున్నవో అక్కడ తేలదు. తల్లి కంటే ముందే కొడుకు పుట్టినట్టు చూపే వృక్షాలూ తారసపడుతుంటాయి. నిజం తేలాలంటే కౌంటీ (రాష్ట్రంలో మన జిల్లాలాంటి పాలనా విభాగం) కోర్టు రిజిస్టర్లనూ, అక్కడి గ్రంథాలయంలోని స్థానిక చరిత్ర విభాగాన్నీ ఆశ్రయించక తప్పదు. అయితే ఆ రికార్డులేవీ మునిమనవల కోసం రాసినవి కావు. భూమి ఎవరిది, పన్ను ఎవరు కట్టాలి, చనిపోయినవాడి అప్పు ఎవరు తీర్చాలి అన్న ప్రశ్నలకు జవాబుగా గుమస్తాలు రాసుకున్నవి. చుట్టరికం వాటిలో సందర్భవశాత్తూ దొర్లిన మాట మాత్రమే. ఈ సంగతి మరచిన పరిశోధన దారి తప్పుతుందని నా అభిప్రాయం.

జనగణన ఉండగా ఇంత శ్రమ ఎందుకని అడగవచ్చు. 1790 నుంచి పదేళ్లకోసారి జరుగుతున్న ఆ లెక్కలో 1840 దాకా ఇంటి పెద్ద పేరే ఉంటుంది, మిగతావారంతా వయసుల గడుల్లో అంకెలు. స్వతంత్రులైన వారందరి పేర్లూ 1850లో గానీ చేరలేదు, ఇంటి పెద్దకు ఎవరేమవుతారో 1880 వరకూ రాయలేదు. 1921 జనవరిలో వాషింగ్టన్‌లోని వాణిజ్య శాఖ భవనంలో జరిగిన అగ్నిప్రమాదం వల్ల 1890 జనగణన పత్రాలు దాదాపు పూర్తిగా పోయాయి. అంటే 1880లో ఏడాది నిండిన పాప మళ్లీ కనిపించేది 1900లో, అప్పటికి పెళ్లయి ఇంటిపేరు మారి ఉంటుంది. ఆ ఇరవై ఏళ్ల ఖాళీని పూడ్చగలిగేవి కౌంటీ వివాహ రిజిస్టర్లు, పన్ను జాబితాలు, గ్రంథాలయాల్లో దాచిన పట్టణ డైరెక్టరీలు (ఊరివారి పేర్లు, చిరునామాల పుస్తకాలు).

కౌంటీ రికార్డుల్లో నాకు అన్నిటికంటే విలువైనవిగా తోచేవి భూమి దస్తావేజులు, వారసత్వ వ్యాజ్యాల కట్టలు. భర్త భూమిలో భార్యకు హక్కు ఉన్న రాష్ట్రాల్లో, అమ్మకం జరిగినప్పుడు ఆమెను విడిగా పిలిచి, ఎవరి బలవంతమూ లేకుండానే హక్కు వదులుకుంటున్నదా అని అడిగి, ఆ జవాబును రాసుకునేవారు. మరే కాగితంలోనూ పేరు లేని ఇల్లాలు అక్కడ పేరుతో సహా దొరుకుతుంది. ఇక వీలునామా రాసిన తాత కంటే రాయకుండా పోయిన తాతే మనకు ఎక్కువ మేలు చేశాడనిపిస్తుంది. వీలునామాలో ‘నా పిల్లలకు’ అని ఒక్క మాటతో సరిపెట్టవచ్చు. అది లేనప్పుడు భూమిని పంచడానికి వారసులందరినీ, పెళ్లయిన కూతుళ్లను అల్లుళ్ల పేర్లతో సహా, కోర్టు వరుసగా రాయించాల్సి వచ్చేది. సాక్షి సంతకాలనూ, హద్దుల్లో పేర్కొన్న పొరుగువారినీ వదిలేయకూడదు. వారిలో బావమరుదులు, మామలు తరచుగా బయటపడతారు. ఇండెక్సుల్లో సాధారణంగా అమ్మినవారు, కొన్నవారు మాత్రమే ఉంటారు కనుక అసలు పుట తిప్పి చూడనివారికి ఈ బంధువులు దొరకరు.

కౌంటీ హద్దులూ స్థిరమైనవి కావు. పాత కౌంటీని చీల్చి కొత్తది ఏర్పరచినప్పుడు, అంతకు ముందరి పుస్తకాలు సాధారణంగా తల్లి కౌంటీలోనే ఉండిపోయాయి. కెంటకీ 1792లో రాష్ట్రం అయ్యేదాకా వర్జీనియాలో భాగం. కాబట్టి కదలకుండా ఒకే పొలంలో బతికిన కుటుంబానికి కూడా రెండు మూడు కౌంటీల్లో రికార్డులు ఉండవచ్చు. కనెక్టికట్, రోడ్ ఐలండ్, వెర్మాంట్‌లలోనైతే భూమి దస్తావేజులు కౌంటీలో కాక టౌన్ కార్యాలయాల్లో ఉంటాయి.

ఇలాంటి స్థానిక మెలకువ గ్రంథాలయంలో దొరికినంతగా వెబ్‌సైట్లలో దొరకదు. ఇండియానా రాష్ట్రం ఫోర్ట్ వేన్‌లోని ఆలెన్ కౌంటీ గ్రంథాలయం వంటి పెద్ద వంశచరిత్ర కేంద్రాల మాట అలా ఉంచితే, చిన్న పట్టణ గ్రంథాలయాల్లో కూడా స్థానిక పత్రికల మైక్రోఫిల్మ్, స్వచ్ఛంద కార్యకర్తలు తయారు చేసిన మరణవార్తల సూచికలు, సమాధి రాళ్ల మీది రాతల నకళ్లు ఉంటాయి. సాల్ట్ లేక్ సిటీలోని వంశచరిత్ర సంస్థ ఫ్యామిలీసెర్చ్ 1938 నుంచి తీసిన మైక్రోఫిల్మ్ డిజిటలీకరణ 2021లో పూర్తయింది. అయినా పేరు కొట్టి వెతికే వీలు లేని పుటలు వాటిలో ఎన్నో ఉన్నాయి. ఏ కౌంటీ, ఏ పుస్తకం అన్నది తెలిసినవారికే అవి తెరుచుకుంటాయి.

ఆస్తి కోసం రాసిన రికార్డు ఆస్తిగా లెక్కించిన మనుషులను ఎలా చూపుతుందో నల్లజాతి కుటుంబాల అన్వేషణలో తెలుస్తుంది. 1850, 1860 జనగణనల్లోని బానిసల జాబితాల్లో యజమాని పేరు కింద వయసు, లింగం, రంగు ఉంటాయి గానీ వారి పేర్లు దాదాపుగా ఉండవు. వారిలో అత్యధికులు పేరుతో జనగణనకెక్కింది 1870లోనే. అంతకు వెనక్కి వెళ్లాలంటే యజమాని కుటుంబపు వారసత్వ కట్టలు విప్పి, గుర్రాలు, పరుపుల నడుమ వెల కట్టి రాసిన పేర్లను చదవాలి. ఒకరి ముత్తాత వారసుడిగా కనిపించే కట్టలోనే మరొకరి ముత్తవ్వ ధరతో కనిపిస్తుంది. దీనికి భిన్నమైన పుస్తకం ఒకటి ఉత్తర కరోలినా కౌంటీల్లో ఉంది. బానిసత్వంలో చట్టం గుర్తించని తమ పెళ్లిళ్లను నమోదు చేసుకోవడానికి 1866 చట్టం ప్రకారం జంటలు అధికారుల ముందుకు వచ్చాయి. ఆ పుస్తకంలో ధర గడి లేదు. ఇద్దరి పేర్లు, ఎప్పటి నుంచి కాపురం చేస్తున్నారన్న వివరం ఉన్నాయి.