పెరిగిన ఏళ్లు లెక్కలోకి రావాలి

ఆదివారం తెలుగు బడిలో నా దగ్గర గుణింతాలు నేర్చుకున్న అమ్మాయి 2025 వేసవిలో వాళ్లమ్మతో కలిసి మా ఇంటికి వచ్చింది. టీ తాగుతూ ఫోన్‌లో ఒక కాలేజీ ఫారం చూపించి, "ఆంటీ, ఇక్కడ ఇండియా అడ్రస్ రాయాలంట. అమ్మకి తెనాలి పిన్‌కోడ్ గుర్తు లేదు" అంది. మాదీ తెనాలే కాబట్టి పిన్‌కోడ్ చెప్పాను. కానీ ఏ ఇంటి అడ్రస్ రాయాలి? వాళ్ల తాతగారి ఇల్లు అమ్మేసి నాలుగేళ్లయింది. చివరికి మేనమామ ఇంటి అడ్రస్ రాసుకున్నారు. ఆ ఇంట్లో ఆ అమ్మాయి ఒకసారి పెళ్లికి వెళ్లి పది రోజులు ఉంది. అంతే.

2008లో నాలుగేళ్ల పిల్లగా అమెరికాలో డాలస్ పక్కన ఇర్వింగ్‌కి వచ్చింది. కిండర్‌గార్టెన్ నుంచి కాలేజీ దాకా ఇక్కడే చదివింది. 17 ఏళ్లు. ఇప్పుడు 21 నిండాయి కాబట్టి హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగ వీసా మీదున్నవాళ్ల పిల్లలకిచ్చే వీసా) పోయింది. ఎఫ్-1 మీద విదేశీ విద్యార్థిగా మారాలి. ఎఫ్-1 అంటే చదువు అయ్యాక స్వదేశానికి తిరిగి వెళ్లిపోయే ఉద్దేశం ఉందని చెప్పుకోవాలి. ఆ మాట చెప్పాల్సి వచ్చినప్పుడు ఆ పిల్ల ఏడ్చిందని వాళ్లమ్మ నాతో విడిగా చెప్పింది.

ఇది మనలో చాలా ఇళ్లలో ఉన్న సంగతే. మన పత్రికలో మాత్రం ఎప్పుడూ రాలేదు. అందుకే రాస్తున్నాను.

ముందు గ్రీన్‌కార్డు లైను సంగతి. ఉద్యోగాల కోటాలో ఏడాదికి దాదాపు 1,40,000 గ్రీన్‌కార్డులు. భార్యాభర్తలు, పిల్లలు కూడా ఆ లెక్కలోనే. ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదన్నది మామూలు నియమం. అందుకే 2025 చివరికి కూడా ఈబీ-2లో (పెద్ద చదువులున్న ఉద్యోగుల విభాగంలో) మన దేశం తేదీ 2013 దాటలేదు, అంటే అప్పటికి లైన్లో చేరినవాళ్లకే వంతు వచ్చింది. ఆ అమ్మాయి నాన్నగారి ప్రయారిటీ డేట్, అంటే లైన్లో చేరిన తేదీ, 2014. మొదట పనిచేసిన కంపెనీ ఫైల్ చేస్తామంటూ ఆరేళ్లు తిప్పింది. కంపెనీ మారాకే లైన్లో నిలబడగలిగారు. ఆ ఆలస్యంలో పిల్లకి ఏం సంబంధం?

పిల్లలు లైన్లో ఉండగానే పెద్దవాళ్లైపోతే ఎలా అని 2002లో చైల్డ్ స్టేటస్ ప్రొటెక్షన్ యాక్ట్ తెచ్చారు. మనవాళ్లు సీఎస్‌పీఏ అంటారు. ప్రయారిటీ డేట్ కరెంట్ అయిన (వంతు వచ్చిన) నాటికి పిల్లల వయసు ఎంతో చూసి, అందులోంచి ఐ-140 (కంపెనీ వేసే గ్రీన్‌కార్డు పిటిషన్) పెండింగ్‌లో ఉన్న రోజులు తీసేస్తారు. దానికి ముందు జరిగే లేబర్ సర్టిఫికేషన్‌కి పట్టిన కాలం తీసేయరు. ఐ-140 అప్రూవ్ అయ్యాక ఎదురుచూసిన పదేళ్లూ తీసేయరు. త్వరగా తేలాలని డబ్బు కట్టి ప్రీమియం ప్రాసెసింగ్ పెట్టుకుంటే, ఆ రెండు మూడు వారాలే పిల్ల వయసులోంచి తగ్గుతాయి. తల్లిదండ్రుల తొందర కూడా పిల్ల మీదే పడుతుంది. లాయర్ చెప్పేదాకా ఈ సంగతి తెలియని ఇళ్లు ఎన్నో నేను చూశాను.

2023 ఫిబ్రవరిలో కొంచెం ఊరట దొరికింది. అప్లికేషన్ ఎప్పుడు వేసుకోవచ్చో చెప్పే 'డేట్స్ ఫర్ ఫైలింగ్' పట్టికను బట్టి వయసు లెక్కిస్తామని ఇమిగ్రేషన్ ఆఫీసువాళ్లు అన్నారు. 2025 ఆగస్టు 15 నుంచి వేసే అప్లికేషన్లకు మళ్లీ 'ఫైనల్ యాక్షన్' (కార్డు నిజంగా ఇవ్వగలిగే) తేదీలకే వెళ్లారు. చట్టంలో ఒక్క అక్షరం మారలేదు. ఆఫీసు పాలసీ మారింది, పిల్లల వయసు మారిపోయింది. ఇలాంటి ఊరటల మీద ఇల్లు కట్టుకోలేం.

ఎఫ్-1లోకి మారాక ఏమిటంటే, చదువు, తర్వాత ఏడాది ఓపీటీ (చదువుకి సంబంధించిన ఉద్యోగం చేసుకునే అనుమతి), సైన్స్, ఇంజినీరింగ్ లాంటి కోర్సులైతే మరో రెండేళ్లు. ఈలోగా హెచ్-1బీ లాటరీ తగలాలి. తగిలితే సొంతంగా గ్రీన్‌కార్డుకి వేసుకుని, నాన్న నిలబడిన లైన్లోనే చివర నిలబడాలి. నాన్న ప్రయారిటీ డేట్ ఈ పిల్లకి పనికిరాదు. 2014లో అమెరికా సుప్రీంకోర్టు ఒక కుటుంబ వీసాల కేసులో ఇచ్చిన తీర్పుతో ఆ దారి దాదాపు మూసుకుపోయింది.

హెచ్-4లో ఉన్నన్నాళ్లు మాత్రం ఏం సుఖం? క్లాస్‌మేట్స్ వేసవిలో ఐస్‌క్రీం షాపులో పనిచేస్తుంటే వీళ్లు చేయకూడదు. జీతం వచ్చే ఇంటర్న్‌షిప్ చేయకూడదు. ఫెడరల్ స్టూడెంట్ ఎయిడ్ లేదు. ఇక్కడ పుట్టిన తమ్ముడికి అన్నీ ఉంటాయి, అక్కకి ఉండవు. ఒకే డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని తినే ఇద్దరు పిల్లల మధ్య ఈ తేడా ఎందుకో చెప్పలేక ఆ తల్లి పడే అవస్థ నాకు తెలుసు.

"టెంపరరీ వీసా అని తెలిసే వచ్చారు కదా" అని అడిగేవాళ్లున్నారు, మనలోనూ ఉన్నారు. కానీ హెచ్-1బీ మీద ఉంటూ శాశ్వతంగా స్థిరపడాలని కోరుకోవడం తప్పు కాదని చట్టమే అంటుంది. ఐ-140 అప్రూవ్ అయితే ఆరేళ్ల పరిమితి దాటాక కూడా ఎక్స్‌టెన్షన్ ఇచ్చే ఏర్పాటు 2000లో అమెరికా కాంగ్రెసే చేసింది. మూడేళ్లకోసారి ఉండమని కాగితం ఇస్తూ వచ్చారు. ఆ కాగితాల మధ్యనే పిల్ల పళ్లూడి, మళ్లీ వచ్చి, స్కూలు బస్సెక్కి, పెద్దదయింది. ఆ ఏళ్లు ఎవరివి? నాన్న ఫైలువి కావు, పిల్లవి. నేను అడిగేది ఇదే: చిన్నప్పుడే వచ్చి ఇన్నేళ్లు ఇక్కడ పెరిగిన పిల్లకి, ఆ ఏళ్లు చూసి, శాశ్వత నివాసం ఇవ్వండి. తండ్రి తేదీ ఎక్కడున్నా సరే.

ఇది కొత్త కోరికేమీ కాదు. ఈ దేశ చట్టంలో 'రిజిస్ట్రీ' అనే సెక్షన్ 1929 నుంచీ ఉంది. ఫలానా తేదీకి ముందు వచ్చి, అప్పటి నుంచీ ఇక్కడే ఉంటూ, మంచి నడవడి ఉన్నవాళ్లకి ఆ నివాసం చూసే గ్రీన్‌కార్డు ఇవ్వొచ్చు. మొదట ఆ తేదీ 1921. కాంగ్రెస్ దాన్ని 1924కి, 1940కి, 1948కి, చివరికి 1986లో 1972 జనవరి 1కి జరిపింది. ఆ తర్వాత జరపలేదు. బ్రిటన్‌లో ఉన్న మన బంధువుల పిల్లల సంగతి చూడండి: 18 నుంచి 24 ఏళ్ల మధ్య వయసుండి, చిన్నప్పుడే వచ్చి, జీవితంలో కనీసం సగం వరసగా అక్కడే గడిపినవాళ్లకి ఆ కారణంతోనే ఉండే హక్కు అడిగే దారి ఉంది. మా తెనాలి అమ్మాయి 21లో 17 ఏళ్లు ఇక్కడే గడిపింది.

2021లో వచ్చిన అమెరికాస్ చిల్డ్రన్ యాక్ట్ దాదాపు ఇదే అడుగుతుంది. ఇల్లినాయిలో పెరిగిన దీప్ పటేల్ పెట్టిన 'ఇంప్రూవ్ ద డ్రీమ్' పిల్లలు కాంగ్రెస్ ఆఫీసుల చుట్టూ తిరిగి తెప్పించుకున్న బిల్లు అది. ప్రతినిధుల సభలో డెబొరా రాస్, సెనేట్‌లో అలెక్స్ పడీయా, రాండ్ పాల్ పెట్టారు. రెండు పార్టీలవాళ్లూ ఉన్నారు. డిపెండెంట్‌గా 8 ఏళ్లు, మొత్తం చట్టబద్ధంగా 10 ఏళ్లు ఉండి, ఇక్కడ డిగ్రీ పూర్తి చేయాలంటుంది. డిగ్రీ షరతు నాకు నచ్చదు. చదువు మధ్యలో ఆపి వెల్డింగ్ నేర్చుకున్న పిల్లాడు కూడా ఇక్కడే పెరిగాడు. అయినా ముందు ఈ బిల్లే రానివ్వండి. 2022లో ఇలా 21 దాటిపోయే (ఏజ్ అవుట్) పిల్లలను కాపాడే నిబంధన రక్షణ బడ్జెట్ బిల్లులో చేరి ప్రతినిధుల సభ దాటింది, చివరి కాపీలో తీసేశారు. 2024 ఫిబ్రవరిలో సెనేట్ సరిహద్దు బిల్లులోనూ ఉంది, ఆ బిల్లే పడిపోయింది.

ఇంకొక మాట, కొందరికి కోపం వస్తుందని తెలిసే అంటున్నాను. "మన పిల్లలు లీగల్, కాగితాలు లేనివాళ్లలా కాదు" అని మన మీటింగుల్లో మాట్లాడటం ఆపేద్దాం. 2012లో డాకా (చిన్నప్పుడు వచ్చి కాగితాలు లేకుండా పెరిగినవాళ్లని పంపేయకుండా ఆపే ఏర్పాటు) వచ్చినప్పుడు ఆ జూన్ 15 నాటికి స్టేటస్ లేనివాళ్లకే అన్నారు, స్టేటస్ ఉన్న మన పిల్లలు బయట ఉండిపోయారు. ఆ బాధ నిజమే. కానీ సరిహద్దు దాటించి తెచ్చిన మూడేళ్ల పిల్లాడికీ, హైదరాబాద్‌లో విమానం ఎక్కించి తెచ్చిన మూడేళ్ల పిల్లకీ దారి ఎంచుకునే వయసు లేదు. 2021 మార్చిలో ప్రతినిధుల సభ ఆమోదించిన డ్రీమ్ అండ్ ప్రామిస్ యాక్ట్‌లో ఇద్దరినీ కలిపే పెట్టారు. మన వాదనకి బలం పెరిగిన ఏళ్లలోనే ఉంది. అది వాళ్లకీ వర్తిస్తుంది.

మనం ఎందుకు నోరు మెదపడం లేదు? పరువు. పిల్ల స్టేటస్ పోయిందంటే సంబంధాలు రావేమో, నలుగురూ జాలి పడతారేమో అని భయం. కన్వెన్షన్‌కి వచ్చిన కాంగ్రెస్ సభ్యుడికి శాలువా కప్పి, ఫొటో దిగి పంపించేస్తాం. ఆయన్ని ఈ బిల్లు మీద ఒక్క ప్రశ్న అడగం.

ఈసారి అడుగుదాం. సంఘం తరఫున కొంతమంది తల్లులం మన ప్రతినిధి స్థానిక ఆఫీసుకి వెళ్లాలనుకుంటున్నాం. పేర్లు వద్దు, ఫైలు నంబర్లు వద్దు. మీ పిల్ల ఎన్నేళ్లకి వచ్చింది, ఏ తరగతిలో చేరింది, ఇప్పటికి ఎన్నేళ్లయింది, ఈ మూడూ ఒక చీటీ మీద రాసి ఆదివారం తెలుగు బడి దగ్గర నాకివ్వండి. మొదటి చీటీ ఆ అమ్మాయే రాసిచ్చింది, తెలుగులో: "నాలుగేళ్లకి. కిండర్‌గార్టెన్. పదిహేడు."