మూడేళ్లు ఫాలో అయ్యారట, కారణం తెలిసిపోయిందట!

ఇప్పుడే మీటింగ్ అయింది. ఒళ్లు మండిపోతోంది, ఇక్కడే కక్కేస్తా.

అవే పిల్లల్ని మూడేళ్లు ఫాలో అయ్యాం, ట్యూషన్‌కెళ్లిన వాళ్లకి మరుసటేడు మార్కులు పెరిగాయి, కాబట్టి ట్యూషనే కారణం. ఇదీ స్లైడు. ‘అసలు ఎవరెళ్లారో, ఎందుకెళ్లారో చూశారా సార్?’ అన్నా. ‘లాంగిట్యూడినల్ డేటా అమ్మా, ఏది ముందో ఏది వెనకో తెలుస్తోందిగా’ అన్నారు, చంటిపిల్లకి చెప్పినట్టు.

నా కోడి కూయకపోతే ఊరికి తెల్లారదన్న ముసలమ్మ దగ్గర ఇంతకంటే పెద్ద డేటా ఉంది సార్! ఏళ్ల తరబడి, ఒక్కరోజు మిస్సవకుండా. (‘ఏది ముందో’ చూసే టెస్టు పెట్టిన ఆర్థికవేత్త గ్రేంజర్ మీద నాకేం కోపం లేదు. ఆయన 1969లో చెప్పింది, ముందు జరిగినదాంతో తర్వాతదాన్ని ఇంకాస్త బాగా అంచనా వేయొచ్చా అని. బటన్ నొక్కి ‘కారణం’ అని ప్రింటు తీసేవాళ్లతోనే నా గొడవంతా.)

‘ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్ పెట్టాంగా’ అట, అంటే ఏ పిల్లాణ్ని ఆ పిల్లాడితోనే పోల్చి చూడటం. ఏళ్లు గడిచినా పిల్లాడిలో మారనివి లెక్కలోంచి పోతాయి, సరే. తండ్రి ఉద్యోగం ఊడిన ఏడాదే ట్యూషన్ మానేసి, ఆ ఏడాదే మార్కులూ పడిపోయిన పిల్లాడి సంగతేంటి?

అమెరికాలో 1976 నుంచి వేలమంది నర్సుల్ని ఫాలో అయ్యారు. మెనోపాజ్ తర్వాత హార్మోన్లు వాడినవాళ్లకి గుండెజబ్బులు తక్కువన్నారు. డాక్టర్లు రాసిందే రాశారు. 16,608 మంది ఆడవాళ్లని లాటరీ వేసి, హార్మోన్ మాత్ర ఇచ్చేవాళ్లు, ఇవ్వనివాళ్లుగా విడగొట్టి చేసిన ట్రయల్‌ని 2002లో మధ్యలోనే ఆపాల్సొచ్చింది. గుండెకి మేలు దేవుడెరుగు, మాత్ర వేసుకున్నవాళ్లకి గుండెపోట్లూ రొమ్ము క్యాన్సరూ ఎక్కువయ్యాయి. ఆ నర్సుల్లో మాత్ర వాడేవాళ్లు అసలే ఆరోగ్యం మీద శ్రద్ధ ఉన్నవాళ్లు, పైగా మొదలెట్టిన కొత్తలోనే జబ్బుపడ్డవాళ్లు లెక్కలోంచి జారిపోయారు. 2008లో అదే నర్సుల డేటాని మాత్ర మొదలెట్టిన దగ్గర్నుంచి లెక్కగడితే, జవాబు ట్రయల్‌కి బాగా దగ్గరికొచ్చింది. అదే డేటా! అడగడం చేతకావాలి.

అసలు నాకు ‘మా వల్లే మార్కులు’ అన్నమాట వింటేనే అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఇంటర్‌లో మా కాలేజీ చేసింది ఇదేగా! వారం వారం టెస్టు. మార్కులొస్తే పై సెక్షన్, మంచి లెక్చరర్లు. రాకపోతే కింది సెక్షన్, ప్రశ్న అడిగితే విసుక్కునేవాళ్లు. మార్కుల్ని బట్టి సెక్షన్, సెక్షన్‌ని బట్టి మళ్లీ మార్కులు. మధ్యలో వచ్చిన మార్కుల్ని మామూలు రిగ్రెషన్‌లో (దేనివల్ల ఎంతో విడదీసే లెక్క) కంట్రోల్ చేస్తే, అంటే ఆ మార్కులు సమానంగా ఉన్నవాళ్లనే పోలిస్తే, సెక్షన్ వల్ల జరిగిన మేలు కూడా తుడిచిపెట్టుకుపోతుంది. వదిలేస్తే, ఏరుకోవడం వల్ల వచ్చిన గొప్పంతా సెక్షన్ ఖాతాలో పడుతుంది. రాబిన్స్ అనే ఆయన 1986లోనే ఈ చిక్కుకి దారి చూపించాడు. మావాళ్లకెందుకది? టీవీలో ‘ఒకటి, ఒకటి, రెండు, రెండు’ అని గొంతు చించుకుంటే చాలదూ!

కింది సెక్షన్లో తట్టుకోలేక సగంలో ఇంటికెళ్లిపోయిన పిల్లలు ఏ లెక్కలోనూ లేరు. వాళ్ల దగ్గర మిగతా ఏడాది ఫీజు కూడా వసూలు చేశాకే టీసీ చేతికిచ్చారు, మహానుభావులు.