లొకేషన్ ఆగిపోతే ఫోన్ రీసెట్ చేసేయకండి

"మీ ఫోన్‌లో లొకేషన్ సరిగ్గా రావడం లేదా?" అని మొదలయ్యే మెసేజ్ ఒకటి ఫ్యామిలీ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. నెట్ లేకపోతే జీపీఎస్ పనిచేయదట. లైవ్ లొకేషన్ కదలకపోయినా, వేరే ఊరు చూపించినా జీపీఎస్ పాడైనట్టేనట. ఫోన్‌ని గాల్లో ఎనిమిది అంకెలా తిప్పాలట, కుదరకపోతే ఫ్యాక్టరీ రీసెట్ కొట్టాలట. చివర్లో, *#21# నొక్కితే మన లొకేషన్ ఎవరు చూస్తున్నారో తెలిసిపోతుందట.

మా పిన్ని ఇది నమ్మి రీసెట్ కొట్టేసింది. బ్యాకప్ లేదు. "బుడ్డోడి ఫొటోలన్నీ పోయాయిరా" అని ఫోన్ చేసి ఏడ్చింది. అందుకే ఒక్కో మాటా తీసుకుని చెబుతున్నాను.

"నెట్ లేకపోతే జీపీఎస్ పనిచేయదు." తప్పు. జీపీఎస్ ఉపగ్రహాలు దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ సిగ్నల్ పంపుతుంటాయి. మన ఫోన్ వాటికి ఏమీ పంపదు, రేడియోలా వింటుందంతే. కనీసం నాలుగు ఉపగ్రహాలు వినిపిస్తే మనం ఎక్కడున్నామో లెక్క కట్టేస్తుంది. సిమ్ తీసేసినా ఈ పని ఆగదు. మరి నెట్ ఎందుకంటే, ఏ ఉపగ్రహం ఎక్కడుందో ఆ వివరాలు చిటికెలో తెచ్చుకోవడానికి. నెట్ లేనప్పుడు అవే వివరాలు ఉపగ్రహం నుంచే వినాలి. అవి సెకనుకు 50 బిట్ల చొప్పున నిదానంగా వస్తాయి కాబట్టి, ఆకాశం బాగా కనిపించే చోట కూడా అర నిమిషమో, ఇంకాస్త ఎక్కువో పడుతుంది. గదిలో కూర్చుని చూస్తే అసలు రాకపోవచ్చు. డాబా మీదికి వెళ్లి రెండు మూడు నిమిషాలు ఆగండి. మ్యాప్‌ను ముందే ఆఫ్‌లైన్‌లో దించుకుని ఉంటే దారి కూడా కనిపిస్తుంది.

"లైవ్ లొకేషన్ కదలడం లేదంటే జీపీఎస్ పాడైంది." ఎక్కువ మందిని భయపెట్టేది ఇదే. ఎక్కడున్నామో తెలుసుకోవడం ఒక పని, అది అవతలివాళ్లకు పంపడం ఇంకో పని. మొదటిదానికి ఉపగ్రహం చాలు, రెండోదానికి మాత్రం నెట్ కావాల్సిందే. నాన్న హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్తూ వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ పెట్టారు. మన్ననూరు దాటాక నల్లమల అడవిలో చుక్క ఆగిపోయింది. అమ్మకు ఒకటే టెన్షన్, పూజగదికీ ఫోన్‌కీ మధ్య తిరుగుతూనే ఉంది. చుక్క మీద నొక్కి, చివరిగా ఎప్పుడు అప్‌డేట్ అయిందో చూపించాను. నలభై నిమిషాలైంది. అంటే నాన్న అక్కడ ఆగిపోయారని కాదు, అక్కడి నుంచి కబురు రావడం లేదని. కాసేపటికి చుక్క ఒక్కసారిగా దోమలపెంట దగ్గరికి గెంతింది.

సిగ్నల్ ఉన్నా ఆగిపోతోందంటే మూడు చూడండి. పెట్టిన గడువు అయిపోయిందేమో: వాట్సాప్‌లో 15 నిమిషాలు, గంట, 8 గంటలు, అంతే. బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉండి వెనకాల నడిచే యాప్‌ను ఆపేస్తోందేమో. లొకేషన్ పర్మిషన్ "యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే" అని ఉందేమో.

"వేరే ఊరు చూపిస్తే జీపీఎస్ పాడైనట్టే." మా తమ్ముడు విజయవాడ నుంచి హైదరాబాద్‌కు ఇల్లు మారుతూ వైఫై రౌటర్ కూడా తెచ్చుకున్నాడు. ఇంట్లో ఉన్నంతసేపూ ఫోన్ బెంజ్ సర్కిల్ దగ్గర చూపించేది, గేటు దాటితే మియాపూర్. చుట్టూ ఉన్న వైఫైలను బట్టి కూడా ఫోన్ చోటు అంచనా వేస్తుంది. ఆ రౌటర్ పాత చిరునామా గూగుల్ లెక్కల్లో అలాగే ఉండిపోయింది. వైఫై ఆపగానే సరైంది, కొన్నాళ్లకు అదీ అక్కర్లేకపోయింది.

అదే చోటు నాలుగు వీధులు అటూ ఇటూగా వస్తుంటే, యాప్ పర్మిషన్లో "ప్రిసైజ్" (కచ్చితమైన చోటు) ఆఫ్‌లో ఉందేమో చూడండి. ఆండ్రాయిడ్ 12 నుంచి, ఐఫోన్‌లో ఐఓఎస్ 14 నుంచి ఈ మీట ఉంది. క్యాబ్ డ్రైవర్ పక్క కాలనీలో తిరుగుతుండటానికి ఇదీ ఒక కారణం. ల్యాప్‌టాప్‌ల సంగతి వేరు, చాలావాటిలో జీపీఎస్ ఉండనే ఉండదు. వైఫైని, ఐపీ అడ్రస్‌ని (నెట్ కనెక్షన్‌కు ఉండే నంబర్‌ని) బట్టి ఊహిస్తాయి. కరీంనగర్‌లో కూర్చుంటే హైదరాబాద్ అని చూపించడం మామూలే.

ఎనిమిది అంకె తిప్పడం దిక్సూచి కోసం. మనం ఎటు తిరిగి ఉన్నామో సరిచేస్తుంది, చుక్కను జరపదు.

ఇక రీసెట్. దయచేసి వద్దు. ముందు ఫ్లైట్ మోడ్ వేసి తీయండి, తర్వాత ఫోన్ ఆపి ఆన్ చేయండి. తేదీ, సమయం ఆటోమేటిక్‌లో ఉన్నాయో లేదో చూడండి, అవి తప్పుగా ఉంటే సిగ్నల్ నిండా ఉన్నా చాలా సైట్లు తెరుచుకోవు. అప్పటికీ రాకపోతే నెట్‌వర్క్ సెట్టింగ్స్ మాత్రమే రీసెట్ చేయండి. దాంతో వైఫై పాస్‌వర్డ్‌లు, బ్లూటూత్ జతలు పోతాయి, ఫొటోలు పోవు.

*#21# చూపించేది కాల్ ఫార్వర్డింగ్ వివరాలు. లొకేషన్‌తో దానికి సంబంధమే లేదు. ఎవరో పంపిన కోడ్ నొక్కడం ప్రమాదం కూడా: *401# నొక్కించి కాల్స్ మళ్లించుకునే మోసాలు పెరిగి, 2024 ఏప్రిల్ 15 నుంచి అలా కోడ్‌తో ఫార్వర్డ్ చేసే సౌకర్యాన్నే టెలికాం శాఖ ఆపించింది.

లొకేషన్ ఎవరికి వెళ్తోందో నిజంగా చూడాలంటే వాట్సాప్ ప్రైవసీ సెట్టింగ్స్‌లో లైవ్ లొకేషన్, గూగుల్ మ్యాప్స్‌లో మీ ఫొటో నొక్కితే వచ్చే లొకేషన్ షేరింగ్ తెరవండి. మొన్న పెద్దమ్మ ఫోన్‌లో గూగుల్ మ్యాప్స్‌ది తెరిచాం. రెండేళ్ల కిందట కాశీ యాత్రలో పరిచయమైన ఒకావిడకు పెట్టిన షేరింగ్ ఇంకా నడుస్తూనే ఉంది. ఆపేశాం.