స్కూటరు మీద కాగిన నీళ్లు

నిన్న బావమరిది మా ఇంట్లో ఉన్న సమయంలోనే, ఇంటర్మీడియట్ చదివే మా అమ్మాయి గతిజశక్తి, అంటే కదిలే వస్తువుకుండే శక్తి, లెక్క పట్టుకుని వచ్చింది. ఎప్పుడో బీఎస్సీ చదివిన గర్వం పొంగుకొచ్చి, మన స్కూటరుకే లెక్క కడదామన్నాను. బండి 110 కిలోలు, నేను 70, వేగం గంటకు 60 కిలోమీటర్లు; ద్రవ్యరాశిలో సగాన్ని వేగం వర్గంతో గుణిస్తే 3,24,000 జౌళ్లు.

అంతటితో నోరు మూసుకుని ఉంటే పరువు దక్కేది. కానీ లీటరు నీళ్లను 30 డిగ్రీల నుంచి మరిగించడానికి దాదాపు 2,93,000 జౌళ్లు చాలుననీ, కాబట్టి నేను బ్రేకు వేసి బండి ఆపిన ప్రతిసారీ అందరికీ కాఫీ కాచేంత వేడి పుడుతుందనీ ఉపన్యసించాను.

"నాన్నా, 3.6తో భాగించినావా?" అంది అమ్మాయి.

ఆ తరువాతి నిశ్శబ్దంలో ఫ్యాను కిర్రుమనడం, వంటింట్లో గరిటె ఆగిపోవడం కూడా నాకు స్పష్టంగా వినిపించాయి. వేగాన్ని సెకనుకు మీటర్లలో తీసుకోవాలి. 60 కాస్తా 16.67 అవుతుంది, అది వర్గమయ్యేది కనుక నా తప్పు 3.6 రెట్లతో ఆగక దాదాపు 13 రెట్లయింది. అసలు జవాబు 25,000 జౌళ్లు. దానితో లీటరు నీళ్లు ఆరు డిగ్రీలు వేడెక్కుతాయి. మా అనంతపురంలో ఏప్రిల్ నెలలో మిద్దె మీది ట్యాంకు ఏ స్కూటరు సాయమూ లేకుండానే అంతకు మించి కాస్తుంది. స్పీడోమీటరుకు ఒక కొలత, పుస్తకానికి ఇంకొక కొలత పెట్టి మధ్యలో నాబోటివాణ్ణి నవ్వులపాలు చేసే ఈ ఏర్పాటు ఎవరిదో, వారిని సప్తగిరి సర్కిల్లో నిలబెట్టి అడగాలని ఉంది.

నిజానికి అమ్మాయి అక్కడితో వదిలేసింది. వదలనిది బావమరిది. "బావా, ఊళ్లో నీ బండి ఇరవై దాటగా నేను చూడలేదే" అని, వేగం మూడో వంతైతే శక్తి తొమ్మిదో వంతని తానే కట్టి, 2,778 జౌళ్లకు దించాడు. లీటరు నీళ్లకు అది ఒక్క డిగ్రీ కూడా కాదు. ఏ పనికీ ఇంత శ్రద్ధ చూపని మనిషి, దశాంశాల దాకా కట్టాడు.

ఈ ఉదయం ఆరింటికే ఫోను చేశాడు.

"బావా, నీళ్లు కాగినాయా?"

పెట్టేశాను.