కాస్త ఆగితే మేమూ అందుకుంటాం

ఫోను టింగుమంటుంది. ఓటీపీ వచ్చింది. బ్యాంకు యాప్‌లోంచి బయటికొచ్చి మెసేజీలు తెరవాలి. పైన చీరల షాపు ప్రకటన, దాని కింద లోన్ ఇస్తామనేవాళ్ల ప్రకటన, ఆ తర్వాత మనకు కావలసింది. చత్వారం అద్దాలు వెతికి పెట్టుకుని, ఆరంకెలూ రెండుసార్లు చదువుకుని, మళ్లీ యాప్‌లోకి వెళ్లేసరికి అది మొదటి పేజీ చూపిస్తుంది. గడువు ముగిసింది, మళ్లీ ప్రయత్నించండి అంటుంది. రెండోసారి అంకెలు గుర్తుంటాయి గానీ వేలు పక్క బటన్ మీద పడుతుంది. మూడోసారీ తప్పితే ఆ పూటకి ఆ పని ఆగిపోయినట్టే.

నాకు 72 ఏళ్లు. తపాలా శాఖలో 34 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఎక్కువ కాలం కౌంటర్లోనే కూర్చున్నాను. సాయంత్రానికి లెక్క పైసాతో సహా సరిపోవాలి, సరిపోయేది. ఓటీపీ అంటే ఏమిటో, ఎందుకు పెట్టారో నాకు తెలుసు. టైపు చేయడమూ వచ్చు. ఇచ్చిన టైమే చాలడం లేదు.

పెద్దవాళ్లకు టెక్నాలజీ రాదు అని అందరూ తేలిగ్గా అనేస్తారు. ఆ మాట తప్పు. నేను ఉద్యోగంలో చేరినప్పుడు తపాలా, తంతి ఒకే శాఖ. 1985లో అవి రెండుగా విడిపోవడం చూశాం. ట్రంకు కాల్ బుక్ చేసి గంటల తరబడి ఎదురుచూశాం. నలభై దాటాక ఆఫీసులో కంప్యూటర్ నేర్చుకున్నాం. నేను రిటైరైన ఏడాదే, 2013 జులైలో, దేశంలో టెలిగ్రాం సేవ ఆపేశారు. ఇన్ని మార్పులు దాటి వచ్చినవాళ్లకు ఒక యాప్ నేర్చుకోవడం గొప్ప విషయం కాదు. రోగం తప్పుగా గుర్తిస్తే మందూ తప్పుతుంది. మాకు నేర్పించాలనో, పిల్లల చేతికి ఫోనివ్వాలనో సలహాలు చెబుతున్నారు. నేర్చుకున్న పనిని మా వేగంలో చేసుకోనిస్తే చాలు.

వయసుతో ఒంట్లో వచ్చే మార్పులు చాలా మామూలువి. కంటి కటకం గట్టిపడి దూరం నుంచి దగ్గరికి చూపు మార్చుకోవడం కష్టమవుతుంది. చర్మం పొడిబారుతుంది. పొడి వేలు తాకితే ఫోను తెర ఒక్కోసారి గుర్తించదు, మళ్లీ నొక్కితే రెండుసార్లు నొక్కినట్టు తీసుకుంటుంది. వినికిడిలో ముందుగా తగ్గేవి సన్నని ధ్వనులు. అందుకే గొంతు వినిపిస్తుంది గానీ స, ష, త, క లాంటి అక్షరాలు కలిసిపోతాయి. ఎదుటివాళ్లు గట్టిగా అరిస్తే ఉపయోగం లేదు, నిదానంగా విడివిడిగా చెబితే అర్థమవుతుంది. ఇందులో ఏదీ తెలివి తగ్గడం కాదు. ఒక్కో పనికి ఇదివరకటి కన్నా కొంత ఎక్కువ సమయం పడుతుంది, అంతే.

మన చుట్టూ ఉన్న ఏర్పాట్లన్నీ సరిగ్గా ఆ కొంత సమయాన్నే కత్తిరించేశాయి. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే రికార్డు గొంతు గబగబా చెబుతుంది, తెలుగు కోసం ఫలానా అంకె నొక్కండి అని. చెవి దగ్గర్నుంచి ఫోను తీసి, తెర వెలిగించి, అంకెల పలక తెచ్చుకునేలోపు ఆ గొంతు తర్వాతి మాటకు వెళ్లిపోతుంది. ఏటీఎం దగ్గర వెనక నిలబడ్డవాళ్ల నిట్టూర్పు వినిపిస్తే తెలిసిన పిన్ కూడా మరిచిపోతాం. హోటల్లో మెనూ అడిగితే బల్ల మీద అంటించిన క్యూఆర్ కోడ్ చూపిస్తారు. మందుల షాపులో పది మాత్రల అట్టలోంచి నాలుగు కత్తిరించి ఇస్తారు. గడువు తేదీ ఉన్న ముక్క వాళ్ల దగ్గరే ఉండిపోతుంది. ఉన్నా ఆ వెండి రేకు మీద అచ్చయిన అక్షరం మా కంటికి ఆనదు. ఇంటికొచ్చాక ఫోను కెమెరాతో ఫొటో తీసి, పెద్దది చేసి చదువుకుంటాను.

ప్రయాణాల సంగతి ఇంకా కష్టం. చిన్న స్టేషన్లలో రైలు ఆగేది ఒకటి రెండు నిమిషాలు. ప్లాట్‌ఫారం కిందుగా ఉంటే మెట్టు మోకాలి ఎత్తున ఉంటుంది. పెట్టె పైకెత్తి, కడ్డీ పట్టుకుని, ముందు మా ఆవిణ్ని ఎక్కించి, తర్వాత నేను ఎక్కేలోపు బండి కదిలిన రోజులున్నాయి. అరవై దాటిన మగవాళ్లకు 40 శాతం, యాభై ఎనిమిది దాటిన ఆడవాళ్లకు 50 శాతం చొప్పున ఉండే టికెట్ రాయితీని 2020 మార్చి 20 నుంచి ఎత్తేశారు. కరోనా పోయింది, రాయితీ తిరిగి రాలేదు. పెన్షన్ మీద బతికేవాళ్లకు అది చిన్న మొత్తం కాదు. అయినా నన్నడిగితే, రాయితీ కన్నా ముందు ఇంకో రెండు నిమిషాల హాల్ట్ అడుగుతాను.

ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది, తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచే ఉంది. మా ఆవిడకు అది నిజమైన సంతోషం. తెనాలి నుంచి గుంటూరులో ఉన్న చెల్లెలి దగ్గరికి ఎవర్నీ డబ్బులడగకుండా వెళ్లొస్తోంది. టికెట్ కొనక్కర్లేకపోవడం వల్ల బాగుపడిన మనసు, ఎత్తయిన ఫుట్‌బోర్డు దగ్గర మళ్లీ చిన్నబోతుంది. ఎక్కి సీటు పట్టుకునే వరకు బస్సు ఆపి ఉంచే డ్రైవరు దొరికిన రోజు ఇంటికొచ్చి ఆ సంగతి నాకు చెబుతుంది. అంత గుర్తుపెట్టుకునే విషయమైపోయింది అది.

నా కౌంటర్ రోజులు గుర్తొస్తాయి. మనియార్డరు ఫారం రాయించుకోవడానికి ముసలివాళ్లు వచ్చేవారు. కొడుకు చిరునామా చీటీ కొంగు ముడిలోంచి తీసి ఇచ్చేవారు. రాసిపెట్టి, కింద ఖాళీలో ఏం రాయమంటావమ్మా అని అడిగితే చాలాసేపు ఆలోచించి ఒక్క ముక్క చెప్పేవారు. వేలిముద్ర వేయించి, సాక్షి సంతకం పెట్టించేవాళ్లం. వెనక వరుసలో విసుక్కునేవాళ్లు అప్పుడూ ఉన్నారు. కౌంటర్లో కసురుకునే గుమస్తాలూ ఉన్నారు, దాచాల్సిన పని లేదు. అయినా ఫారం రాసిపెట్టడానికి పట్టే సమయం మా పనిలో భాగంగా ఉండేది. ఇప్పుడు ఆ సమయాన్ని ఖర్చుగా లెక్కగట్టి తీసేశారు. ఆ మధ్య ఒక కార్యాలయంలో అద్దం వెనకున్న కుర్రవాడు మర్యాదగానే చెప్పాడు, "అంకుల్, యాప్‌లో రెండు నిమిషాల్లో అయిపోతుంది" అని. అతనికి రెండు నిమిషాలే. అతన్ని తప్పుపట్టను. నా కోసం పావుగంట కేటాయించే వీలు అతని ఉద్యోగంలో లేదు.

ఈ తొందరను మోసగాళ్లు వాడుకోవడం నాకు అన్నిటికన్నా బాధ కలిగించే విషయం. డిజిటల్ అరెస్టు అనే మాట చట్టంలో ఎక్కడా లేదు. అయినా పోలీసులమనో, సీబీఐ అనో వీడియో కాల్ చేసి, వెంటనే డబ్బు పంపకపోతే జైలే అని పెద్దవాళ్లను బెదిరించి జీవితకాలపు పొదుపు ఊడ్చేస్తున్నారు. చదువుకున్నవాళ్లు కూడా ఎందుకు మోసపోతున్నారని పత్రికలు రాస్తుంటాయి. ఒక కారణం నాకు కనిపిస్తోంది. రోజంతా ప్రతి యంత్రం దగ్గరా గడువు అయిపోతోంది, త్వరగా, త్వరగా అని వినీ వినీ ఆ మాటకు లొంగడం మాకు అలవాటైపోయింది. ఇంకొకటి చెప్పడానికి కష్టంగా ఉంది. అసలు బ్యాంకు వాళ్లు మాతో రెండు నిమిషాలు మాట్లాడరు. దొంగ గంటల తరబడి లైన్లో ఉంటాడు, సార్ అంటూ ప్రతిదీ విడమరిచి చెబుతాడు. డబ్బు పోయిన వెంటనే 1930కి ఫోన్ చేస్తే దాన్ని మధ్యలో ఆపే అవకాశం ఉంటుంది. ఆ నంబరు మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద పెద్ద అక్షరాలతో అంటించాం. దాని కింద మా అమ్మాయి ఇంకో వాక్యం రాసింది: ఎవరు తొందరపెట్టినా ఫోన్ పెట్టేయండి.

ఇంత చెప్పాక, ఈ కాలం మాకు ఇచ్చిన సుఖాలు చెప్పకపోతే అన్యాయమవుతుంది. మా నాన్నగారికి 1970ల్లో శుక్లం ఆపరేషన్ జరిగింది. రోజుల తరబడి తల కదపకుండా పడుకోబెట్టారు. తర్వాత సోడాబుడ్డి అద్దాలతో జీవితాంతం గడిపారు. నాకు కంట్లోనే లెన్సు పెట్టి అదే రోజు ఇంటికి పంపేశారు. మర్నాడు కట్టు విప్పాక పెరట్లో మందార పువ్వు అంత ఎర్రగా ఉంటుందని మళ్లీ తెలిసింది. బాత్రూంలో కమోడు, దాని పక్కన పట్టుకోవడానికి ఒక స్టీలు కడ్డీ. ఈ రెండూ పెద్దవాళ్ల గౌరవాన్ని ఎంత కాపాడతాయో కింద కూర్చుని లేవలేని స్థితి వచ్చినవాళ్లకే తెలుసు. రైస్ కుక్కర్ అన్నం ఉడికాక దానంతటదే ఆగుతుంది. మా ఆవిడ పొయ్యి దగ్గర నిలబడే పని తప్పింది.

ఫోను కూడా అంతే. మా అమ్మాయి టెక్సాస్‌లో ఉంటుంది. దాదాపు పదకొండు గంటల తేడా. వాళ్లకు తీరిక దొరికేసరికి మాకు నిద్రవేళ. అందుకని మనవరాలు వాట్సాప్‌లో వాయిస్ మెసేజీలు పెడుతుంది. దాని తెలుగు వేగంగా, ఇంగ్లిషు యాసతో ఉంటుంది. మొదటిసారి సగమే అర్థమవుతుంది. రెండోసారి, మూడోసారి వింటాం. ఆ మెసేజీ ఎన్నిసార్లయినా విసుక్కోకుండా చెబుతుంది. యూట్యూబులో చాగంటి వారి ప్రవచనం వింటూ మధ్యలో మాత్ర వేసుకోవాలంటే ఆపుకోవచ్చు, శ్లోకం అందకపోతే పది సెకన్లు వెనక్కి జరపొచ్చు. వేగం తగ్గించుకునే మీట కూడా ఉందని మా అమ్మాయి చూపించింది. వార్తల వీడియోలు ముప్పావు వేగంలో పెట్టుకుంటే ప్రతి అక్షరం విడిగా వినిపిస్తుంది. ఫోనులో తెలుగు మాట్లాడితే అదే టైపు చేసిపెడుతుంది. ఈ వ్యాసంలో సగం అలా చెప్పి రాయించిందే.

ఒకే ఫోను ఒక చోట మమ్మల్ని ఏడిపిస్తోంది, ఒక చోట ఆదుకుంటోంది. వాయిస్ మెసేజీ మా కోసం ఆగుతుంది, బ్యాంకు పేజీ ఆగదు. భద్రత కోసమే గడువు పెడతారని తెలుసు. ఓటీపీ గంటసేపు తెరిచి ఉంచమని ఎవరూ అడగడం లేదు. కానీ ఇంకొంచెం టైము కావాలా అని అడిగి, ఒక్క బటన్‌తో పొడిగించే ఏర్పాటు అసాధ్యం కాదు. మా అమ్మాయి చేసేది వెబ్‌సైట్ల పనే. అంతర్జాతీయ వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ 2008లోనే ఈ సంగతి రాసిపెట్టిందని చెప్పింది. గడువు ముగిసేముందు హెచ్చరించాలి, పొడిగించుకోవడానికి కనీసం 20 సెకన్లు ఇవ్వాలి, అలా కనీసం పదిసార్లు పొడిగించుకోనివ్వాలి. గడువు తప్పనిసరైన చోట మినహాయింపు ఉంది. మన దగ్గర ఆ మినహాయింపే రివాజైపోయింది.

మన దేశంలోనూ ఆదేశాలు లేకపోలేదు. డెబ్బై దాటిన ఖాతాదారులకు నగదు ఇవ్వడం, తీసుకోవడం లాంటి మామూలు సేవలు ఇంటి దగ్గరే అందించాలని 2017 నవంబరు 9న రిజర్వు బ్యాంకు బ్యాంకులకు చెప్పింది. మా వీధిలో డెబ్బై దాటినవాళ్లు ఎనిమిది మంది ఉన్నారు. ఒక్కరికీ ఈ విషయం ఎవరూ చెప్పలేదు. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఇంకో ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. యాసిడ్ దాడిలో కళ్లు దెబ్బతిన్నవాళ్లు, కెమెరా ముందు కళ్లు ఆర్పితేనే కేవైసీ, అంటే ఖాతాదారు గుర్తింపు తనిఖీ, పూర్తవుతుందనడం మీద కోర్టుకు వెళ్లారు. డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని, కళ్లు ఆర్పడం ఒక్కటే కాకుండా వేరే పద్ధతులూ ఉండాలని కోర్టు చెప్పింది. వయసు మళ్లినవాళ్లు ఎదుర్కొనే అడ్డంకులనూ ప్రస్తావించింది. ఆ తీర్పు గురించి చదివినప్పుడు మా అక్కయ్య గుర్తొచ్చింది. ఆమెకు 81 ఏళ్లు, మా దగ్గరే ఉంటుంది. ఒక చోట వీడియో కేవైసీకి కూర్చోబెడితే, కళ్లు ఆర్పండి అన్న మాట విని, అర్థం చేసుకుని ఆర్పేసరికి గడువు దాటింది. నాలుగుసార్లు అలాగే జరిగింది. ఆ రాత్రి ఆమె భోజనం సరిగా చేయలేదు.

2011 జనగణన నాటికే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభాలో అరవై దాటినవాళ్లు 9.8 శాతం. దేశం మొత్తం మీద 8.6. అంటే పదిమందిలో దాదాపు ఒకరు. అప్పటి యాభై ఏళ్లవాళ్లంతా ఇప్పుడు అరవై దాటేశారు. ఇంతమంది కోసం ప్రతి బ్యాంకు శాఖలో, ప్రతి ఆసుపత్రిలో, ప్రతి స్టేషన్లో తొందరపెట్టని మనిషి ఒకరు ఉండాలని అడగడం ఎక్కువ కాదు. ఆంధ్రప్రదేశ్‌లో నెల ఒకటో తేదీన సామాజిక పింఛను ఇంటికే వచ్చి చేతిలో పెడుతున్నారు. పల్లెల్లో ముసలివాళ్లు అరుగు మీద కూర్చునే డబ్బు అందుకుంటున్నారు. ప్రభుత్వం నిజంగా అనుకుంటే గడప దాకా రాగలదు.

అక్కయ్యది ఫ్యామిలీ పెన్షన్. ఏటా బతికే ఉన్నానని లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. కేంద్ర ప్రభుత్వ పెన్షన్లకు మామూలుగా నవంబరులో, ఎనభై దాటినవాళ్లకు అక్టోబరు ఒకటి నుంచే తీసుకుంటారు. 2014లో జీవన్ ప్రమాణ్ అనే డిజిటల్ సర్టిఫికెట్ వచ్చాక స్వయంగా ఆఫీసుకు వెళ్లాల్సిన పని తప్పింది. 70 రూపాయలు ఇస్తే పోస్ట్‌మ్యానే ఇంటికొచ్చి చేస్తాడు. మొన్న అక్టోబరులో మా బీటు పోస్ట్‌మ్యాన్ వచ్చాడు. అక్కయ్య వేలిముద్ర యంత్రం మీద బొటనవేలు పెట్టింది, పడలేదు. చూపుడువేలు, అదీ పడలేదు. అరవై ఏళ్లు చింతపండుతో, బూడిదతో గిన్నెలు తోమిన వేళ్లు, గీతలు అరిగిపోయాయి. ఆమె ముఖంలో ఆ కేవైసీ రోజు దిగులు మళ్లీ కనిపించింది.

"తొందరేం లేదు మామ్మగారూ, గోరువెచ్చని నీళ్లతో చేతులు కడుక్కుని రండి, నేనుంటాను" అన్నాడతను. సైకిలు నీడలోకి జరిపి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. మా ఆవిడ కాఫీ ఇచ్చింది. అక్కయ్య చేతులు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, నెమ్మదిగా నడిచి వచ్చి ఎడమచేతి ఉంగరం వేలు పెట్టింది.