అడగందే సర్కారైనా పెట్టదు

ఒక మనిషిని ఉరితీయడం ప్రభుత్వానికి ఎంత శ్రమో ఎవరికీ పట్టదు. జాలంతా ఖైదీ మీదే. సూపరింటెండెంటు గారి బల్ల మీద మూలుగుతున్న ఫైలు గోడు వినే నాథుడే లేడు.

పద్ధతి చూడండి. సెషన్స్ జడ్జి మరణశిక్ష వేసినంత మాత్రాన పని అయిపోదు. ఖైదీ అప్పీలు చేసుకున్నా మానినా రికార్డు హైకోర్టుకు వెళ్లాల్సిందే. అక్కడ ఇద్దరు జడ్జీలైనా చూసి ఖాయం చేయాలి. పైకోర్టులోనూ కొట్టేశాక, క్షమాభిక్ష అడిగేది ఉంటే రాసివ్వమని జైలు అధికారి ఖైదీకి చెప్పాలి. అందుకు పాత నిబంధనల్లో గడువు 7 రోజులు. ఇప్పటి నేరవిచారణ చట్టం, నాగరిక్ సురక్షా సంహిత, 472వ సెక్షన్లో 30 రోజులు. గవర్నరు దయ చూపడానికి రాజ్యాంగంలో 161వ అధికరణం, రాష్ట్రపతికి 72వది సిద్ధం. ఇంత సరంజామా అమర్చి, ఖైదీని కోరేది ఒక్కటే: కింద ఒక సంతకం.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. సర్కారు అమ్మకంటే ఎక్కువా?

విశాఖలో ఈ మర్యాద 1970లో మంటగలిసింది. శ్రీకాకుళ నక్సలైట్ ఉద్యమంలో పనిచేసిన నాగభూషణ్ పట్నాయక్‌కు ఇక్కడి సెషన్స్ కోర్టు ఉరిశిక్ష వేసింది. అంతకుముందు ఏడాది అక్టోబరులో తోటివాళ్లతో కలిసి విశాఖ జైలు నుంచే పారిపోయిన మనిషి. (జైలు తర్వాత అడవివరం వెళ్లిపోయింది. పాత స్థలంలో ఇప్పుడున్నది సెంట్రల్ పార్కు. ఒకప్పుడు లోపలివాళ్లు బయటపడితే ఊరంతా గగ్గోలు, ఇప్పుడు బయటివాళ్లు పొద్దున్నే బూట్లు కట్టుకుని మరీ లోపలికి పోతున్నారు.)

పారిపోవడాన్ని ప్రభుత్వం అర్థం చేసుకోగలదు. జైలన్నాక గోడలుంటాయి, గోడలన్నాక అవతలి వైపు ఉంటుంది. అర్థం కానిది ఆ తర్వాతిది. అప్పీలు చేయనన్నాడు. క్షమాభిక్ష అడగనన్నాడు. రాయడం చేతకాకా? చేసింది వకీలు వృత్తి. అయినా అర్జీలో ఏముంది కనక? 'మహారాజశ్రీ' అని మొదలుపెట్టి, మధ్యలో ముసలి తల్లినీ చంటి పిల్లల్నీ కూర్చోబెట్టి, 'తమ విధేయుడు' అని వంగితే సరి. ఆ చివరి రెండు మాటల దగ్గరే పెన్ను మొరాయించింది.

చుట్టాల చేత పెట్టిస్తే పోలా అంటారు. ఆ ఉపాయమూ పాతదే. భగత్ సింగ్ తండ్రి కిషన్ సింగ్ 1930లో కొడుకు తరఫున, కేసు విచారిస్తున్న ట్రిబ్యునలుకు అర్జీ పెట్టుకున్నారు. ఆ ట్రిబ్యునలు మామూలుది కాదు. ఆర్డినెన్సుతో పుట్టింది, దాని తీర్పు మీద హైకోర్టుకు అప్పీలు లేదు, ముద్దాయిలు లేకుండానే విచారణ సాగించే సదుపాయం ఉంది. అంత తీరిక చేసుకుని వింటుంటే, కొడుకేమో వెన్నుపోటు పొడిచినట్టుందని తండ్రికే ఉత్తరం రాశాడు.

సరే, మొత్తానికి 1931 మార్చిలో రాజ్‌గురు, సుఖ్‌దేవ్‌లతో కలిసి పంజాబ్ గవర్నరుకు ఒక అర్జీ రాశాడు. హమ్మయ్య, దారికొచ్చారనుకుని విప్పి చూస్తే ఏముంది? మేం యుద్ధఖైదీలం, ఉరి తీయకండి, కాల్చండి, దయచేసి మిలిటరీ దళాన్ని పంపించండి అని. భాషలో ఎక్కడా వంక పెట్టడానికి లేదు. జైల్లో తాడుంది, తలారి ఉన్నాడు, రిజిస్టరు ఉంది. ఇప్పుడు సైనికుల్ని ఎక్కడినుంచి ఇండెంటు పెట్టాలి? 24 ఉదయానికనుకున్న ఉరిని 23 సాయంత్రానికే కానిచ్చేశారు. ఇంకో రాత్రి ఉంచితే ఇంకేం రాస్తారోనని కాబోలు.

ఈ బెడద 1860లోనే కనిపెట్టిన మహానుభావులు శిక్షాస్మృతి రాసినవారు. 54వ సెక్షన్ చదవండి: దోషి అంగీకారం లేకుండానే ప్రభుత్వం మరణశిక్షను తగ్గించవచ్చు. అంగీకారం లేకుండా ఉరితీయడం తెలుసు, అంగీకారం లేకుండా దయతలచడానికీ ఒక సెక్షన్ కావలసివచ్చింది! 2023లో కొత్త న్యాయ సంహిత వచ్చింది, పేరు మారింది, అంకెలు మారాయి. ఈ మాట మాత్రం 5వ సెక్షన్లో భద్రంగా కూర్చుంది.

పట్నాయక్ ఉరిశిక్ష కూడా తర్వాత యావజ్జీవమైంది, ఆయన అడక్కుండానే. అంతా బాగానే ఉంది. ఇక మిగిలింది చిన్న ఆఫీసు సందేహం: శిక్ష తగ్గించిన ఉత్తర్వు ముట్టినట్టు సంతకం ఎవరిచేత పెట్టించాలి?