పెంచలయ్యల్ని వడగట్టే ఫిల్టర్ కావాలి

దేశ ఆర్థిక భద్రతకు సంబంధించిన ఒక గంభీరమైన విషయాన్ని పెద్దల దృష్టికి తెస్తున్నాను. ఆ విషయం పేరు పెంచలయ్య.

నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో బియ్యం బస్తా కొని, ఫోన్లో యూపీఐ యాప్‌తో క్యూఆర్ కోడు స్కాన్ చేసి డబ్బు కట్టి, ఇంటికొచ్చేశారనుకోండి. నెలాఖర్లో కొట్టాయన పెంచలయ్య ఫోన్ చేసి, "ఏంది సామీ, మీ డబ్బులు పడలే" అంటాడు. మీరు పౌరుషంగా యాప్‌లో పాత చెల్లింపుల హిస్టరీలోకెళ్ళి పెంచలయ్య అని కొడతారు. పెంచలకోన నరసింహస్వామి దయవల్ల మా జిల్లాలో ఆ పేరుకు కొదవ లేదు. టీకొట్టు పెంచలయ్య, పంచర్ల పెంచలయ్య, సంక్రాంతికి పొట్టేలు అమ్మిన పెంచలయ్య, అందరూ బారులు తీరతారు. బియ్యం పెంచలయ్య మాత్రం రాడు. ఎందుకంటే ఆ క్యూఆర్ కోడు ఆయన కోడలి ఖాతాది. ఆవిడ పేరు మనకు తెలీదు, అడగడం మర్యాదా కాదు.

సరే, పేరొదిలేసి ఫిల్టర్లకు పోదాం. నెల, మొత్తం, పంపినవి, వచ్చినవి. చేసినవాళ్ళు తెలివైనవాళ్ళే, కాదనను. కానీ ఖర్చు ఎవరికైనా అలా గుర్తుంటుందా? "కరెంటు పోయి ఊరంతా చీకటైన రోజు", "ఆవిడ అలిగి కావలి వెళ్ళిపోయిన వారం", "బొమ్మిడాయిలు దొరక్క కొరమీనుతో పులుసు పెట్టుకున్న పూట". వీటికి బటన్లేవీ? ప్రతి లావాదేవీకీ ఉండే 12 అంకెల గుర్తింపు సంఖ్య, అదే యూటీఆర్ నంబరు, చెప్తే చాలంటారు బ్యాంకులో. ఆ నంబరు కావాలంటే ముందు లావాదేవీ దొరకాలి. పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదు, పెళ్ళయితేగాని పిచ్చి కుదరదు!

వర్గీకరణ అంటే ఏంటో మా బారాషహీద్ దర్గాకొచ్చి నేర్చుకోవాలి. మొహర్రం నెలలో స్వర్ణాల చెరువు నీళ్ళలో నిలబడి జనం రొట్టెలు మార్చుకుంటారు. ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, సొంతింటి రొట్టె, ఆరోగ్యం రొట్టె. కావాల్సింది అడిగి తీసుకుంటారు, కోరిక తీరాక మళ్ళీ ఏడాది వచ్చి అదే రొట్టె ఇంకొకరికిస్తారు. ఇచ్చిందెందుకో, పుచ్చుకుందెందుకో ఎవరికీ అనుమానముండదు. సర్వర్ డౌనన్న మాటే లేదు. యాప్‌లవాళ్ళు ఒక ఇంజనీర్ల బృందాన్ని పండక్కి పంపితే దారిఖర్చులు దండగ కావు.

అన్నిటికంటే ఘోరం స్టేటస్. మా బావమరిదికిచ్చిన చేబదులు ఎదురుగా ఆకుపచ్చ టిక్కు పెట్టి "సక్సెస్" అని రాశారు. ఎవరి సక్సెస్ అండీ? నా లెక్కలో అది ఎప్పట్నుంచో పెండింగే. మన ఖాతాలో కట్టయి అవతలివాళ్ళకు చేరని యూపీఐ సొమ్ము మర్నాటికల్లా వెనక్కి రాకపోతే, ఆలస్యమైన ప్రతిరోజుకూ 100 రూపాయలు ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు 2019లోనే బ్యాంకులకు చెప్పింది. బావమరుదులకు ఆ సర్క్యులర్ అందినట్టు లేదు. 2025 ఆగస్టు నుంచి ఇంకో నిబంధన వచ్చింది. పెండింగ్ లావాదేవీ ఏమైందని మూడుసార్లే చూడాలి, మధ్యలో 90 సెకన్లు ఆగాలి. ఇది మాత్రం మావాడికి బాగా నచ్చినట్టుంది. నాలుగోసారి చేస్తే ఫోనెత్తడు.